పాత రైడ్లకు రిపేరా, కూల్చివేతా? సీజన్ పెంచితే గట్టెక్కుతారా? అమెరికా థీమ్ పార్కుల ముందు కఠిన పరీక్ష

2025 ఫిబ్రవరి 28 ఉదయం. న్యూజెర్సీలోని జాక్సన్ పట్టణం. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి ఎత్తైన రోలర్ కోస్టర్‌గా పేరు తెచ్చుకున్న 'కింగ్డా కా' పేలుడు పదార్థాల ధాటికి కొన్ని సెకన్లలోనే నేలకూలింది. 139 మీటర్ల ఎత్తు. గంటకు 206 కిలోమీటర్ల వేగం. 2005 మేలో మొదలైన ఈ రైడ్ రెండు దశాబ్దాలు నిండకుండానే చరిత్రలో కలిసిపోయింది. రెండు దశాబ్దాలంటే ఒక భవనానికి ఏమంత వయసు కాదు. మరి ఓ రోలర్ కోస్టర్‌కి అది ముసలితనం ఎలా అయింది?

ప్రశ్న ఒక్క రైడ్‌తో ఆగట్లేదు. అమెరికాలో ప్రాంతీయ థీమ్ పార్కులన్నీ ఇప్పుడు రెండు సమస్యలతో సతమతమవుతున్నాయి. ఒకటి, పాతబడుతున్న రైడ్లను ఏం చేయాలన్నది. రెండోది, ఏడాదిలో కొన్ని నెలలే తెరిచి ఉండే పార్కును మరిన్ని రోజులు ఎలా నడపాలన్నది. చూడ్డానికి ఇవి రెండు వేర్వేరు విషయాల్లా ఉంటాయి. కానీ లోతుగా వెళ్తే రెండూ ఒకే చోట ఢీకొంటున్నాయి. ఎక్కడో తెలుసా? చలికాలంలో.

మన తెలుగువాళ్లకు కూడా ఇది దూరపు ముచ్చటేమీ కాదు. ఎడిసన్, ఐస్‌లిన్ ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు జాక్సన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ కారులో వెళ్లొచ్చేంత దూరమే. డాలస్ చుట్టుపక్కల ఉన్నవారికి ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్ ఉంది. పిల్లలకు సెలవులొచ్చినా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా వెళ్లే చోట్లలో ఇవీ ఉంటాయి. సీజన్ పాస్ కొనాలా వద్దా అనే లెక్క చాలా ఇళ్లలో నడిచేదే.

అసలు కంపెనీ పరిస్థితి ఏంటి?

2024 జులై 1న అమెరికా వినోద రంగంలో పెద్ద విలీనం జరిగింది. సిక్స్ ఫ్లాగ్స్, సెడార్ ఫెయిర్ కంపెనీలు ఒక్కటయ్యాయి. సుమారు 800 కోట్ల డాలర్ల విలువైన డీల్ అది. దాంతో 42 పార్కులు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఒహాయోలోని సెడార్ పాయింట్, కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్, మ్యాజిక్ మౌంటెన్, కెనడాస్ వండర్‌ల్యాండ్... అన్నీ ఆ కంపెనీవే.

అయితే పార్కులతో పాటు అప్పూ పెరిగింది. సుమారు 500 కోట్ల డాలర్ల అప్పు నెత్తిన ఉంది. 2025, 2026 సంవత్సరాల్లో పార్కుల మీద 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడతామని విలీనం తర్వాత కంపెనీ ప్రకటించింది. కింగ్డా కా స్థానంలో కొత్త లాంచ్ కోస్టర్ తెస్తామనీ 2024 నవంబర్‌లోనే చెప్పింది. ఇంకోవైపు మేరీల్యాండ్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా పార్కుకు 2025 నవంబర్ 2తో పూర్తిగా తాళం వేసేసింది. అంటే ఒక చేత్తో పెట్టుబడి, మరో చేత్తో మూసివేత.

అప్పుల్లో ఉన్న కంపెనీ ముందు ఉండే ప్రశ్న ఒక్కటే. చేతిలో ఉన్న ప్రతి డాలరు ఎక్కడ పెడితే జనం మళ్లీ వస్తారు? కొత్త రైడ్ పెడితే పోస్టర్ వేసుకోవచ్చు, యాడ్ ఇవ్వొచ్చు. పాత రైడ్‌కి బేరింగులు, బ్రేకులు మార్చితే ఎవరికీ కనిపించదు. కానీ ఆ బేరింగులు మార్చకపోతే మాత్రం అందరికీ కనిపిస్తుంది. రైడ్ ముందు 'ఈ రోజు పనిచేయదు' అన్న బోర్డు రూపంలో.

రైడ్ వయసు ఏళ్లలో లెక్కించకూడదు

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. పాతదంటే ప్రమాదకరమని, కొత్తదంటే సేఫ్ అని. అది నిజం కాదు. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోని 'సైక్లోన్' 1927లో మొదలైంది. ఇప్పటికీ జనం దాన్ని ఎక్కుతున్నారు. కాలిఫోర్నియా శాంటా క్రూజ్‌లోని 'జెయింట్ డిప్పర్' 1924 నాటిది. అవి చెక్క కోస్టర్లు. చెక్కలు పాడైన చోట ఏటా కొంత కొంత మార్చుకుంటూ పోతారు. పాత పెంకుటింటికి వానాకాలం ముందు పెంకులు సర్దినట్టే. అలా మారుస్తూ పోతే వందేళ్లయినా నిలబడుతుంది.

స్టీల్ కోస్టర్ల కథ వేరు. వాటి ఆయుష్షును ఏళ్లలో కాదు, రైలు ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్కలో చూడాలి. ప్రతి మలుపు దగ్గరా ఇనుము మీద ఒత్తిడి పడుతుంది, వదులుతుంది. లక్షల సార్లు అలా జరిగాక వెల్డింగ్ అతుకుల దగ్గర కంటికి కనిపించని సన్న పగుళ్లు మొదలవుతాయి. వాటిని ప్రత్యేక పరీక్షలతోనే పట్టుకోవాలి. పెయింట్ కొత్తగా మెరుస్తోంది కదా అని రైడ్ కొత్తదైపోదు.

ఇంకో చిక్కు విడిభాగాలది. 1970, 80ల్లో అమెరికా పార్కుల్లో వెలిసిన ఎన్నో స్టీల్ కోస్టర్లను తయారు చేసింది ఆరో డైనమిక్స్ అనే కంపెనీ. అది 2001లో దివాలా తీసింది. తయారీదారే పోతే పార్ట్ ఎక్కడ దొరుకుతుంది? పార్కు వాళ్లే డ్రాయింగులు వేసుకుని వర్క్‌షాపులో చేయించుకోవాలి. కంట్రోల్ ప్యానళ్లదీ అదే గొడవ. ముప్పై ఏళ్ల కిందటి కంట్రోలర్ చెడిపోతే షాపులో కొత్తది దొరకదు.

ఇక కింగ్డా కా లాంటి రైడ్లది మరో బాధ. రైలును మూడున్నర సెకన్లలో 206 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లే హైడ్రాలిక్ యంత్రం అది. అంత శక్తిని ఒక్కసారిగా వదిలే యంత్రాన్ని నడపడం, బాగు చేయడం రెండూ ఖరీదైన పనే. పైగా గాలి ఎక్కువైనా, వాన పడినా ఆపేయాలి. పార్కుకు వచ్చినవాళ్లు దూరం నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోయిన రోజులెన్నో. రికార్డు పేరు పార్కుకి, నిరాశ ప్రేక్షకుడికి అన్నట్టు తయారైంది.

ప్రమాదాలు నేర్పిన పాఠాలు

కింగ్డా కాకు అన్నలాంటిది సెడార్ పాయింట్‌లోని 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్'. 2003లో మొదలైంది. 2021 ఆగస్టు 15న రైలు నుంచి ఊడిన ఒక ఇనుప ముక్క క్యూలో నిలబడ్డ మహిళ తలకు తగిలింది. ఆమె తీవ్రంగా గాయపడ్డారు. గమనించాల్సింది ఏంటంటే ఆమె రైడ్ ఎక్కనే లేదు, క్యూలో ఉన్నారంతే. ఆ రైడ్‌ను అప్పటి నుంచి ఆపేశారు. హైడ్రాలిక్ యంత్రం తీసేసి, కొత్త లాంచ్ విధానంతో 'టాప్ థ్రిల్ 2' పేరుతో 2024 మేలో మళ్లీ తెరిచారు. కానీ సుమారు వారం రోజులకే కొత్త రైలు బండ్లలో సమస్య వచ్చి మూతపడింది. ఆ సీజన్ అంతా అంతే. మళ్లీ నడిచింది 2025లోనే. అంటే రిపేరు చేయడమూ తేలిక కాదని, పాతదాన్ని కొత్తగా మార్చడం కూడా రిస్కేనని తేలిపోయింది.

జాక్సన్‌లోనే ఉన్న 'ఎల్ టోరో' చెక్క కోస్టర్ ఇంకో ఉదాహరణ. 2006లో వచ్చిన ఈ రైడ్ 2021 జూన్‌లో పాక్షికంగా పట్టా తప్పింది. 2022 ఆగస్టులో ఒక్కసారిగా పెద్ద కుదుపు వచ్చి 14 మందికి గాయాలయ్యాయి, ఐదుగురిని ఆసుపత్రికి తరలించారు. అధికారులు దాన్ని మూసేయించారు. మరమ్మతుల తర్వాత 2023 వేసవిలోగానీ మళ్లీ తెరుచుకోలేదు.

ఇంతకీ ఈ రైడ్లను తనిఖీ చేసేది ఎవరు? చాలామందికి తెలియని విషయం ఏంటంటే, అమెరికాలో ఒకే చోట స్థిరంగా ఉండే థీమ్ పార్కుల మీద కేంద్ర వినియోగదారుల భద్రతా కమిషన్‌కు అధికారమే లేదు. 1981లో అమెరికన్ కాంగ్రెస్ ఆ అధికారాన్ని తీసేసింది. జాతరల్లో ఊరూరూ తిరిగే రైడ్లు మాత్రమే దాని పరిధిలో ఉన్నాయి. మిగతాదంతా రాష్ట్రాల చేతుల్లోనే. న్యూజెర్సీలో రాష్ట్ర శాఖ తనిఖీ చేస్తుంది. ఫ్లోరిడాలో వెయ్యి మందికి పైగా ఉద్యోగులున్న పెద్ద పార్కులు సొంత తనిఖీ వ్యవస్థతో నడుస్తాయి. అంటే ఒక రాష్ట్రంలో ఉన్న రూలు పక్క రాష్ట్రంలో ఉండకపోవచ్చు.

కూల్చకుండా బాగు చేయలేమా?

చేయొచ్చు. చేసి చూపించినవాళ్లు ఉన్నారు. ఇందులో మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, డిజైన్ అలాగే ఉంచి ట్రాక్ మొత్తం మార్చేయడం. బ్రిటన్‌లోని ఆల్టన్ టవర్స్ ఇదే చేసింది. 1994లో మొదలైన 'నెమెసిస్' కోస్టర్‌ను 2022 నవంబర్‌లో ఆపేసి, పాత మలుపులే ఉండేలా కొత్త ట్రాక్ వేసి, 2024 మార్చిలో 'నెమెసిస్ రీబోర్న్'గా తెరిచింది. అభిమానుల జ్ఞాపకం చెదరలేదు, ఇనుము మాత్రం కొత్తది. కానీ దానికోసం 2023 సీజన్ మొత్తం ఆ రైడ్ లేకుండానే పార్కు నడిచింది.

రెండోది, పాత చెక్క నిర్మాణాన్ని ఉంచి దానిమీద స్టీల్ ట్రాక్ వేయడం. రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ అనే సంస్థ ఈ పద్ధతికి పెట్టింది పేరు. టెక్సస్‌లో 1990 నాటి 'టెక్సస్ జెయింట్' 2011లో ఇలాగే కొత్త రూపు దాల్చింది. సెడార్ పాయింట్‌లో కుదుపులతో జనం విసుగెత్తిన 'మీన్ స్ట్రీక్' 2018లో 'స్టీల్ వెంజెన్స్'గా మారి ఆ పార్కుకే పెద్ద ఆకర్షణ అయింది. అయితే ఒక హెచ్చరిక కూడా ఉంది. 2013 జులైలో అదే న్యూ టెక్సస్ జెయింట్ నుంచి ఓ మహిళ పడి చనిపోయారు. ట్రాక్ కొత్తదైనంత మాత్రాన సరిపోదు, సీటు దగ్గరి లాక్ నుంచి ఆపరేటర్ చూపు వరకూ అన్నీ పక్కాగా ఉండాలి.

మూడోది కూల్చివేత. కింగ్డా కాకు పట్టిన గతి. స్థలం ఖాళీ అవుతుంది, ఖర్చు ఆగుతుంది. కానీ కొత్తది వచ్చేదాకా పార్కులో ఒక పెద్ద ఖాళీ మిగిలిపోతుంది. టికెట్ ధర మాత్రం ఆ మేరకు తగ్గదు.

సీజన్ పెంచితే లాభమా?

ఇక రెండో సమస్యకు వద్దాం. ఒహాయోలోని సెడార్ పాయింట్ లాంటి పార్కు మే నెలలో తెరిచి అక్టోబర్ చివర్లో మూసేస్తుంది. అంటే ఏడాదిలో సగం కాలం కోట్ల డాలర్ల యంత్రాలు ఊరికే పడి ఉంటాయి. భూమి పన్ను, ఇన్సూరెన్స్, వడ్డీ, పర్మినెంట్ ఉద్యోగుల జీతాలు మాత్రం 12 నెలలూ కట్టాల్సిందే. అందుకే 'ఇంకొన్ని వారాలు తెరిస్తే ఏం పోయింది?' అన్న ఆలోచన ఏ మేనేజ్‌మెంట్‌కైనా వస్తుంది.

ఈ ప్రయత్నంలో బాగా క్లిక్ అయింది హాలోవీన్. నాట్స్ బెర్రీ ఫామ్ 1973లోనే దెయ్యాల థీమ్‌తో రాత్రి షోలు మొదలుపెట్టింది. సెడార్ పాయింట్ 1997లో 'హాలోవీకెండ్స్' తెచ్చింది. వేసవి సెలవులు అయిపోగానే ఖాళీ అయ్యే పార్కులకు సెప్టెంబర్, అక్టోబర్ వారాంతాలు మళ్లీ ప్రాణం పోశాయి. దీని వెనక కిటుకు ఒకటే. జనం వచ్చేది రైడ్ కోసం మాత్రమే కాదు, వాతావరణం కోసం, సందడి కోసం. అక్కడ కొత్త కోస్టర్ అక్కర్లేదు. లైట్లు, మేకప్, నటులు చాలు.

దాని తర్వాత క్రిస్మస్ వెలుగుల సీజన్. ఇక్కడే లెక్క తారుమారవుతుంది. చలి బాగా ముదిరితే పెద్ద కోస్టర్లు నడపలేరు. గ్రీజు గట్టిపడుతుంది, చక్రాలు సరిగా తిరగవు, రైలు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి రైడ్‌కీ ఇంత ఉష్ణోగ్రత కంటే తగ్గితే నడపకూడదన్న పరిమితి ఉంటుంది. కాబట్టి డిసెంబర్‌లో పార్కు తెరిచినా జనానికి దొరికేది దీపాలు, పాటలు, వేడి కోకో, చిన్నాచితకా రైడ్లే. కుటుంబాలకు అది నచ్చొచ్చు. కోస్టర్ కోసం వచ్చిన కుర్రాళ్లకు నచ్చదు.

కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ 2018 నుంచి ఏడాది పొడవునా తెరిచే పద్ధతికి మారింది. అక్కడి వాతావరణం అందుకు కలిసొచ్చింది. లాస్ ఏంజెలస్‌లో కుదిరింది ఈరీ సరస్సు ఒడ్డున కుదరదు కదా.

అసలు మెలిక ఇక్కడే ఉంది

పార్కు మూసి ఉన్న నెలల్లో లోపల ఏం జరుగుతుంది? బయటి నుంచి చూస్తే నిర్మానుష్యం. కానీ మెకానిక్‌లకు అదే అసలు సీజన్. రైలు బండ్లను ముక్కలు ముక్కలుగా విప్పుతారు. ఇరుసులు, చక్రాలు, బ్రేకులు, సీటు లాకులు ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ట్రాక్ మీద పగుళ్ల కోసం వెతుకుతారు. చెక్క కోస్టర్లకు పలకలు మారుస్తారు. జనం ఉండగా రాత్రికి రాత్రి చేసే పనులు కావివి. నెలలు పడతాయి.

ఇప్పుడు అదే పార్కును జనవరి వరకూ తెరిచి, మార్చిలో మళ్లీ మొదలుపెట్టారనుకోండి. మెకానిక్ చేతిలో ఉండే టైమ్ ఐదారు నెలల నుంచి రెండు నెలలకు పడిపోతుంది. అదే సమయంలో రైలు తిరిగే సార్లు పెరుగుతాయి, అరుగుదల పెరుగుతుంది. పాత రైడ్లున్న పార్కుకు ఏది ఎక్కువ అవసరమో అదే తగ్గిపోతోందన్నమాట. సీజన్ పెంచడం, రైడ్లు బాగు చేయడం ఒకదానికొకటి తోడు అనుకుంటే పొరపాటే. రెండింటికీ ఒకే క్యాలెండర్.

దీనికి పరిష్కారం లేదా అంటే ఉంది. ఏడాది పొడవునా నడిచే పార్కులు రైడ్లన్నింటినీ ఒకేసారి ఆపవు. వంతులవారీగా ఒక్కోదాన్ని కొన్ని వారాలు మూసి పని పూర్తి చేస్తాయి. కానీ అందుకు ఏడాదంతా మెకానిక్‌లు ఉండాలి, స్పేర్ రైలు బండ్లు ఉండాలి, ఏ రైడ్ ఎప్పుడు ఉండదో ముందే చెప్పే నిజాయితీ ఉండాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవే.

ఉద్యోగుల లెక్క కూడా ఉంది

సీజన్ పొడిగింపులో పెద్దగా చర్చకు రాని కోణం ఇది. అమెరికా కేంద్ర కార్మిక చట్టం ప్రకారం ఏడాదిలో ఏడు నెలలకు మించి నడవని వినోద పార్కులకు కనీస వేతనం, ఓవర్‌టైమ్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. ఏడు నెలలు దాటినా, ఆదాయంలో ఎక్కువ భాగం ఆరు నెలల్లోనే వచ్చిందని లెక్క చూపగలిగితే మినహాయింపు దొరుకుతుంది. రాష్ట్రాల చట్టాలు కఠినంగా ఉంటే అవి వర్తిస్తాయి. కానీ మొత్తంగా చూస్తే సీజన్ పెరిగి, రాబడి ఏడాదంతా సమానంగా వస్తే ఈ వెసులుబాటు చేజారే అవకాశం ఉంది.

పైగా వేసవిలో రైడ్ల దగ్గర నిలబడేది ఎక్కువగా స్కూలు, కాలేజీ విద్యార్థులు. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలవగానే వాళ్లు వెళ్లిపోతారు. సెప్టెంబర్ మంగళవారం నాడు కోస్టర్ ఆపరేట్ చేసేది ఎవరు? అందుకే ఆ నెలల్లో చాలా పార్కులు వారాంతాలకే పరిమితమవుతాయి. తక్కువ మంది సిబ్బందితో ఎక్కువ రోజులు నడిపిస్తే మూతపడ్డ స్టాళ్లు, పొడవైన క్యూలు తప్పవు. ఒకసారి విసిగిన కుటుంబం మరుసటి ఏడాది పాస్ రెన్యువల్ చేయదు.

మన దగ్గర సంగతేంటి?

మన దగ్గర సీజన్ తలకిందులు. అమెరికాలో చలి సమస్య అయితే ఇక్కడ వాన సమస్య. హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో 2016 ఏప్రిల్‌లో మొదలైన వండర్‌లా లాంటి పార్కులకు ఏప్రిల్, మే నెలలే పంట కాలం. వేసవి సెలవులు, మండే ఎండలు, నీళ్ల రైడ్లు... ఇక చెప్పేదేముంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా గిరాకీ తగ్గుతుంది. మళ్లీ దసరా సెలవులు, సంక్రాంతికి ఊపు వస్తుంది. పార్కులు ఏడాదంతా తెరిచే ఉంటాయి కాబట్టి ఇక్కడ పెంచడానికి సీజన్ లేదు, నింపాల్సిన ఖాళీ రోజులే ఉన్నాయి.

అయితే పాత రైడ్ల ప్రశ్న మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదం 27 మందిని బలి తీసుకుంది. ఫైర్ ఎన్‌ఓసీ కూడా లేకుండానే అది నడిచిందని తర్వాత బయటపడింది. ప్రతిసారీ ఘటన జరిగాక రాష్ట్రమంతా తనిఖీలు, కొన్నాళ్లకు మళ్లీ మామూలే. మన పార్కులు, ఎగ్జిబిషన్లలో ఉన్న రైడ్లకు కూడా ఏళ్లు మీద పడుతున్నాయి. వానాకాలంలో జనం తగ్గే ఆ నెలలు పార్కులకు నష్టం అనుకోకుండా, యంత్రాలు విప్పి చూసుకునే అవకాశంగా మార్చుకుంటే మేలు. ఆ తనిఖీ రిపోర్టు గేటు దగ్గర అందరికీ కనిపించేలా పెడితే ఇంకా మేలు.

ముందున్న దారి

పోటీ మాత్రం ఆగట్లేదు. సౌదీ అరేబియాలో సిక్స్ ఫ్లాగ్స్ పేరుతోనే ఖిద్దియా సిటీలో కొత్త పార్కు 2025 డిసెంబర్ 31న తెరుచుకుంది. అందులోని 'ఫాల్కన్స్ ఫ్లైట్' ఎత్తు 195 మీటర్లు, వేగం గంటకు 250 కిలోమీటర్లు. ఎత్తులో, వేగంలో అలాంటివాటితో పోటీ పడటం అప్పుల్లో ఉన్న ప్రాంతీయ పార్కులకు అయ్యే పని కాదు. వాటి బలం వేరు. ఊరికి దగ్గరగా ఉండటం, తాత ఎక్కిన రైడ్‌నే మనవడు ఎక్కగలగడం, ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లొచ్చే ధరలో పాస్ దొరకడం.

ఆ బలం నిలబడాలంటే చేయాల్సిన పని పెద్ద ఆర్భాటమేమీ కాదు. ఉన్న రైడ్లు నడవాలి. నడవని రోజు ముందే చెప్పాలి. ఎక్కువ రోజులు తెరవాలనుకుంటే ముందు మెకానిక్‌లను పెంచాలి, తర్వాతే క్యాలెండర్ మార్చాలి. సీజన్ పాస్ కొనేవాళ్లు కూడా పార్కు ఎన్ని రోజులు తెరిచి ఉంటుందన్నదే కాదు, ఆ రోజుల్లో ఎన్ని రైడ్లు నడుస్తాయన్నది చూసుకుని డబ్బు కట్టాలి. గేటు తెరిచి ఉండి లోపల రైడ్లన్నీ ఆగిపోయి ఉంటే ఆ సీజన్ ఎంత పొడవున్నా జనానికి ఒరిగేదేమీ లేదు.